మోటారుబండి మెఱుగుల చరిత్ర: లోహము నెఱిగి పాలిషు నెన్నుకొనుట

మెఱుగు పెట్టుట యనగా లోహమునకు ఏదియో చేర్చుట యని లోకులు సాధారణముగా తలంతురు. కొలిమి యెదుట పెరిగిన కుటుంబములవారికి నిజము వేఱుగా తెలియును. మెఱుగు పెట్టుట యనగా లోహమునుండి కొంత తీసివేయుట. పైనున్న చిలుమును, గీతలను, మిట్టపల్లములను అతిసూక్ష్మముగా అరుగదీసి ముఖమును నునుపు చేసినప్పుడు వెలుగు చెదరక తిన్నగా తిరిగి వచ్చును. దానినే మనము నిగనిగ యందుము. తరతరములుగా తోమబడిన ఇత్తడి చెంబు అంచు పలుచబడుట మన యిండ్లలో అందఱు చూచినదే. కావున తీసివేయుటకు ఎంత లోహమున్నదో యెఱుగక రుద్దువాడు వస్తువునకు మెఱుగు పెట్టువాడు కాడు, దానిని తఱుగజేయువాడు.

మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులలో సొంత మోటారుబండి గలవారు నేడు అనేకులున్నారు. మరమ్మతు కొట్టములను నడుపువారును, పాత బండ్లను ప్రేమతో కాపాడు పోషకులును కలరు. వీరిలో పలువురు మమ్ము అడుగు ప్రశ్న యొక్కటియే: "బండికి మెఱయు భాగములున్నవి గదా, వానికి ఏ పాలిషు మంచిది?" బజారులో డబ్బాలు పదులకొలది దొరకుచున్నవి. ప్రతి డబ్బాయు సర్వలోహములకు తానే తగినదని చాటుకొనుచున్నది. ఏ డబ్బా కొనవలెనో చెప్పుటకు ముందు, ఆ మెఱయు భాగములు ఏ కాలమున ఏ లోహముతో చేయబడెనో చెప్పుట అవసరమని మేము తలంచితిమి. చరిత్ర తెలిసినవానికి పాలిషు నెన్నుకొనుట కష్టము కాదు.

మా బాల్యమున జరిగిన యొక పొరపాటును ముందుగా ఒప్పుకొందుము. బంధువుల కొట్టమునందు చక్రములు లేని పాత మోటారుబండి యొకటి పడియుండెను. దాని దీపములు మాసి, పొగచూరినట్లు కనబడుచుండెను. పండుగకు ముందు ఇంటి ఇత్తడి సామానును మా తల్లి చింతపండుతోను ఇటుకపొడితోను తోముట చూచియుంటిమి గనుక, మేమును ఆ రెంటిని తీసికొనిపోయి మధ్యాహ్నమంతయు దీపమును తోమితిమి. సాయంకాలమునకు తెల్లని లోహము నడుమ పసుపుపచ్చని మచ్చ తేలెను. బంగారము బయటపడినదని సంతోషించి తాతగారిని పిలుచుకొని వచ్చితిమి. ఆయన దీపమును వ్రేలితో తడవి, "ఒరే నాయనా, నీవు మెఱుగు పెట్టలేదురా, ఉన్న మెఱుగు ఊడ్చిపెట్టినావు" అనిరి. ఆ దీపము ఇత్తడిది. దానిపై నికెలు పూత యుండెను. ఇత్తడికి తగిన మందును నికెలునకు ప్రయోగించితిమి. ఆ పచ్చని మచ్చ మఱల తెల్లబడలేదు. ఈ వ్యాసము ఒక విధముగా ఆ దీపమునకు మేము చెల్లించు బాకీ.

ఇత్తడి కాలము

జర్మనీ దేశమున కార్ల్ బెంజు తన మోటారుబండికి 1886లో పేటెంటు పొందెను. తరువాత సుమారు ముప్పది సంవత్సరములు బండి ముఖమంతయు ఇత్తడియే. దీపములు, కొమ్ముబూర, రేడియేటరు తొడుగు, అద్దపు చట్రము ఇత్తడితోనే చేయబడెను. ఇందులకు సోకు ఒక్కటియే కారణము కాదు. ఇత్తడి రేకు సుత్తెదెబ్బకు సాగును, అచ్చుమీద తిరుగును, సులభముగా అతుకును, వేడిని బాగుగా మోయును, ఇనుమువలె త్రుప్పు పట్టదు. కంచరి చేతికి ఇత్తడి ఎంత లొంగునో తెలిసినవారికి ఇది వింత కాదు. పెంబర్తి, బుడితి మొదలగు మన గ్రామములలో ఏ గుణములనుబట్టి ఇత్తడిపని వర్ధిల్లెనో, ఆ గుణములే అమెరికా, ఐరోపాలలోని దీపముల కర్మాగారములను పోషించెను.

ఆనాటి పాలిషులు ఈ ఇత్తడికై పుట్టినవే. ఇంగ్లండునందలి రెకిట్టు కంపెనీవారు 1905లో వెలువరించిన బ్రాసో నేటికిని మన యిండ్లలో వినబడు పేరు. ఇట్టి పాలిషులో రెండు శక్తులు కలిసి పనిచేయును. మొదటిది అమ్మోనియా, అది రాగి చిలుమును కరగించును. రెండవది మెత్తని రాతిపొడి. అది కరగిన మురికిని ఒరసి తీయును. మన చింతపండు, ఇటుకపొడి చేయుపనియు ఇదియే. చింతపండులోని ఆమ్లము చిలుమును వదలించును, ఇటుకపొడి ఒరయును. ఇత్తడి భాగము ఆసాంతము ఇత్తడియే గనుక ఎంత ఒరసినను లోపల ఉండునది ఇత్తడియే. ఇందుచేతనే ఆ కాలమున మొఱటుతనము క్షమింపబడెను.

ఐనను ఇత్తడియందును ఒక జాగ్రత్త కలదు. దాని కథ మన దేశమునకు సంబంధించినదే. 19వ శతాబ్దమున హిందూదేశమందలి బ్రిటిషు సైన్యమువారి ఇత్తడి తూటాలు వానకాలమున నిలువయందే పగిలిపోవుచుండెను. ఋతువునుబట్టి వచ్చు పగులుట యని దానికి పేరు పెట్టిరి గాని కారణము చిరకాలము తేలలేదు. 1921లో మూర్, బెకిన్సేల్, మల్లిన్సన్ అను పరిశోధకులు దానిని విశదపఱచిరి. గుఱ్ఱపుసాలల నుండి పుట్టు అమ్మోనియా వానకాలపు తేమతో గూడి, సాగగొట్టుటచే లోపల బిగువు మిగిలిన ఇత్తడిని చీల్చుచుండెను. దీనినుండి మనము నేర్చుకొనవలసినది యేమనగా, అమ్మోనియా గల పాలిషును ఇత్తడికి వాడవచ్చును; కాని దానిని సందులలో ఎండనీయక తడిగుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరబెట్టి, పైన పలుచగా మైనము పూయవలయును. తెల్లగా గట్టిపడిన పాలిషు మురికిని అతుకులలో వదలుట మంచి పనివాని లక్షణము కాదు.

నికెలు కాలము

ఇత్తడికి గల దోషము దినదినము తోమవలసియుండుటయే. బండ్లు వేలకొలది తయారగు కాలము రాగా ఈ చాకిరి భారమయ్యెను. 1908లో బయలుదేరిన ఫోర్డు టి నమూనా బండికి 1916 నమూనా వఱకు రేడియేటరు తొడుగు ఇత్తడిది. 1917 నమూనాలో దాని స్థానమున నల్లరంగు పూసిన ఉక్కుతొడుగు వచ్చెను. తక్కిన బండ్లలో ఇత్తడిమీద నికెలు పూత వ్యాపించెను.

నికెలును స్వీడను దేశీయుడైన క్రోన్‌స్టెడ్టు 1751లో కనుగొనెను. విద్యుత్తుచే ఒక లోహముమీద మఱియొక లోహమును పూయు పనిని ఇంగ్లండునందలి బర్మింగ్‌హాములో ఎల్కింగ్‌టను కుటుంబమువారు 1840 పేటెంటుతో వ్యాపారముగా మార్చిరి. వారిది వెండిబంగారముల పూత. నికెలు పూతను వ్యాపారమునకు తగినట్లు చేసినవాడు అమెరికాలోని ఐజాక్ ఆడమ్స్. అతని పేటెంటు 1869నాటిది. మన కళాయి పనివాడు కరగిన తగరమును దూదితో రాగిపాత్ర లోపల పూయును. ఈ పద్ధతిలో తొట్టియందలి ద్రవమునుండి లోహము కణకణముగా వచ్చి వస్తువునకు అంటుకొనును. రెండును పూతలే. పూత యనునది యొకసారి పోయిన గుడ్డతో తిరిగి రాదను న్యాయము రెంటికిని సమానము.

నికెలు కొంచెము పసుపుచాయగల తెలుపు. కాలక్రమమున దానిపై మబ్బు పట్టును. ఆ మబ్బును తీయుటకు అతిమెత్తని పొడిగల పాలిషును స్వల్పముగా, సంవత్సరమునకు ఒకటి రెండుసార్లు మాత్రమే వాడవలయును. కంసాలులు బంగారమునకు తుదిమెఱుగు పెట్టుటకు వాడు ఎఱ్ఱని ఇనుపభస్మమువంటి సూక్ష్మచూర్ణము ఇచ్చట తగినది. ఇటుకపొడి, ఇసుక, బూడిద పనికిరావు. 1912వ సంవత్సరపు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ బండి నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనమందున్నది. అట్టి పాత బండ్లను చూచినప్పుడు, వాని మెఱుగును నిలిపినది బలమైన చేయి కాదు, మితమైన చేయి యని మనవారు గ్రహింపవలయును.

క్రోమియము కాలము

క్రోమియమును ఫ్రాన్సు దేశీయుడైన వోక్లాన్ 1797లో ఖనిజమునందు కనుగొనెను. దానిని పూతగా వేయు నమ్మకమైన పద్ధతి 1920ల నడుమ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున కొలిన్ ఫింక్ మొదలగువారి కృషివలన సిద్ధించెను. ఆ దశాబ్ది ముగియునప్పటికి మోటారుబండ్ల ముఖమున క్రోమియము నికెలును త్రోసిరాజనెను. ఇది నీలిచాయగల తెలుపు. గాలికి మాయదు, గాజును గీయగలంత కఠినమైనది. దినదినము తోమవలసిన పని తప్పినదని జనులు సంతోషించిరి.

ఇచ్చటనే పెద్ద భ్రమ పుట్టెను. "ఇంత గట్టిది గదా, ఎంత రుద్దిన నేమి?" అని పలువురు తలంతురు. క్రోమియము గట్టిది నిజమే. కాని అది యుండునది ఎంత? బండి సొమ్ములమీద క్రోమియము పూత మిల్లీమీటరులో నాలుగువేలవ వంతు మొదలు రెండువేలవ వంతు వఱకు మాత్రమే యుండును. మన తల వెండ్రుక దానికంటె ఇంచుమించు రెండువందల రెట్లు మందము. మనము చూచు నిగనిగలో అధికభాగము దానిక్రిందనున్న నికెలుదే. క్రోమియము ఆ నికెలునకు మాయని ముసుగు మాత్రమే. నికెలు క్రింద కొన్నిచోట్ల రాగి, అన్నిటికి అడుగున ఉక్కు ఉండును. మఱియు పూత వేయునప్పుడు విద్యుత్తు అంచులకు ఎక్కువగాను గుంటలకు తక్కువగాను చేరును గనుక, గుంటలయందు పూత మఱింత పలుచన. అంబాసిడరు బండి బంపరుమీద ఎఱ్ఱచుక్కలు మొదట వంపులలోను మూలలలోను కనబడుటకు ఇది యొక కారణము. 1950ల చివర మొదలై 2014లో ఉత్పత్తి నిలిచిన ఆ బండిని కాపాడుకొనుచున్న కుటుంబములు మనలో నేటికిని కలవు.

ఆ ఎఱ్ఱచుక్క క్రోమియముది కాదు. క్రోమియమునకు త్రుప్పు లేదు. పూతలోని కంటికానరాని రంధ్రములగుండ తేమయు ఉప్పును దిగి ఉక్కును తినగా పైకి వచ్చిన త్రుప్పు అది. విశాఖపట్టణము, మచిలీపట్టణము మొదలగు సముద్రతీర పట్టణములలో ఇది త్వరగా వచ్చును. కావున క్రోమియమునకు ఉత్తమమైన పాలిషు మంచినీరు, కొంచెము సబ్బు, మెత్తని గుడ్డ, ఆరిన పిమ్మట మైనము. తీరవాసులు వారమునకు ఒకసారియైన మంచినీటితో కడుగుట ఏ డబ్బాకంటెను మేలు. చిన్న త్రుప్పుచుక్కలు వచ్చినచో అల్యూమినియపు పలుచని కాగితమును నీటతడిపి నెమ్మదిగా రుద్దవచ్చును. అల్యూమినియము క్రోమియముకంటె చాల మెత్తన గనుక పూతను గీయదు, త్రుప్పును మాత్రము లాగును. ఇనుపపీచు వాడరాదు. మఱుగుదొడ్లు కడుగు ఆమ్లమును అసలే తాకింపరాదు. హైడ్రోక్లోరికామ్లము క్రోమియమును కరగించివేయును. ఒక్క నిమిషమున తళతళలాడించుచున్నదని మురిసినవారు తమ బంపరు చర్మమును తామే ఒలిచినవా రగుదురు.

తెల్లని లోహములు, లోహము కానివి

స్టెయిన్‌లెస్ స్టీలును 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డులో హారీ బ్రియర్లీ రూపొందించెను. 1930, 1931 ఫోర్డు ఎ నమూనా బండ్ల రేడియేటరు తొడుగులు ఈ లోహముతో చేయబడెను. ఇది పూత కాదు, లోపలివఱకు ఒక్కటే లోహము. కావున గీతలు పడినను సమర్థుడైన పనివాడు మఱల నునుపు చేయగలడు. దీనిపై ఇనుపపీచు రుద్దినచో ఇనుపరేణువులు ఇరుకుకొని అవి త్రుప్పుపట్టును. చూచువారు స్టీలే త్రుప్పుపట్టినదని నిందింతురు.

బెంజు పేటెంటు పొందిన 1886లోనే అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూల్ట్ వేఱువేఱుగా అల్యూమినియమును విద్యుత్తుతో చవుకగా తీయు మార్గమును కనుగొనిరి. నేడు బండి చక్రములలో అనేకము ఆ లోహముతో చేసినవే. దీనికి బూడిద, చాకలిసోడా మొదలగు క్షారములు శత్రువులు. అవి దానిని నల్లబఱచి తినివేయును. మన యింటి ఇత్తడికి మేలుచేయు బూడిదయే ఇచ్చట కీడు చేయును. పూతలేని అల్యూమినియమునకు ఆ లోహమునకని చేసిన మెత్తని పాలిషునే వాడవలయును. విద్యుత్తుచే కఠినమైన భస్మపు పొర ఏర్పఱచిన అల్యూమినియమునకును, పైన పారదర్శకమైన రంగుపూత గల చక్రములకును ఏ లోహపు పాలిషును వలదు. వానికి సబ్బునీరే చాలును. రుద్దినచో మెఱయునది లోహము కాదు, గీతలుపడి మసకబారునది పైపూత.

1960ల దశకమునుండి ప్లాస్టిక్కుమీద రాగి, నికెలు, క్రోమియము పూతలు వేయు పని వ్యాపించెను. నేటి బండ్ల ముఖమున మెఱయు జాలీలును పేర్లును పలుచోట్ల ఇట్టివే. పసుపుపచ్చని ఇత్తడి ముద్దనుండి బయలుదేరిన ప్రయాణము ప్లాస్టిక్కుపైనున్న లోహపు పొరవఱకు వచ్చెను. ఈ చరిత్ర అంతయు ఒక్క వాక్యమున చెప్పవచ్చును: కాలము గడచినకొలది మెఱయు లోహము పలుచనయ్యెను, కావున రుద్దు చేయియు మెత్తన కావలయును.

లోహమును గుర్తించు విధము

కొనుటకు ముందు నాలుగు పరీక్షలు చేయుడని మా మనవి. మొదటిది కన్ను: పసుపైన ఇత్తడి, పసుపుచాయ తెలుపైన నికెలు, నీలిచాయ తెలుపైన క్రోమియము. రెండవది అయస్కాంతము: అంటుకొన్నచో అడుగున ఉక్కు ఉన్నది, అంటుకొననిచో ఇత్తడియో, అల్యూమినియమో, అనేకవిధములగు స్టెయిన్‌లెస్ స్టీలులలో ఒకటియో, ప్లాస్టిక్కో యగును. మూడవది గోటిచప్పుడు: లోహము చల్లగా తగిలి ఖంగున పలుకును, ప్లాస్టిక్కు బొద్దుగా పలుకును. నాలుగవది అల్యూమినియమునకు ముఖ్యము: కనబడని మూల మెత్తని పాలిషును తెల్లని గుడ్డతో కొంచెము రుద్ది చూడుడు. గుడ్డ నల్లబడినచో పూతలేని లోహమని యెఱుగుడు. నల్లబడనిచో పైపూత కలదు, అచ్చటనే ఆగుడు.

ఈ నాలుగును చూచిన పిమ్మట డబ్బామీది మాటలలో మూడింటిని చదువుడు: ఏ లోహమునకు, అమ్మోనియా కలదా, ఒరయు పొడి కలదా. ఈ మూడును చెప్పని డబ్బాను ఎంత చవుకయైనను కొనకుడు. కొన్నదానిని ముందు మూలను పరీక్షింపక ముఖమున పూయకుడు. బండి రంగు అంచులకు కాగితపు పట్టీ అంటించి, తక్కువ బలముతో పని మొదలిడుడు.

మనవి

ఇంత చిన్న విషయమునకు ఇంత వ్రాయనేల యని కొందఱు అడుగవచ్చును. క్రోమియము పూత పోయినచో దానిని మఱల వేయింపవలయును. ఆ తొట్టియందు చిరకాలముగా వాడబడినది క్రోమికామ్లము. దాని ఆవిరి పీల్చిన పనివారికి ముక్కులోని అడ్డుపొర చిల్లిపడుట, చేతులకు మానని పుండ్లు కలుగుట వైద్యులెఱిగిన విషయములు. ఆ రూపమందున్న క్రోమియమును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు 1990లో మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చిరి. ఐరోపా సమాఖ్యయందు 2017 సెప్టెంబరు 21 తరువాత క్రోమియము ట్రైఆక్సైడును అనుమతిలేనిదే వాడరాదు. ఇంతకంటె అపాయము తక్కువగల వేఱొక క్రోమియము లవణముతో పూత వేయు పద్ధతియు వ్యాపించుచున్నది. ఐనను పూతశాలలో ముక్కునకు గుడ్డ కట్టుకొని నిలుచు పిల్లవాడు ఏ యింటివాడో మనకు తెలియదు. మన యింటివాడే కావచ్చును. తొందరపాటుతో మనము ఊడ్చిన ప్రతి పూతకును ఒక పనివాని ఊపిరి వెల యగుచున్నది.

కావున పోషకులకు మా విన్నపము: పాత బండి సొమ్ములను తళతళలకై తోమింపకుడు, నిలుపుకొనుటకై తుడిపింపుడు. పూత వేయింపక తప్పనిచో గాలియాడు శాలను, చేతితొడుగులు గల పనివారిని చూచి పని ఇండు. అందులకు అయ్యెడు అధికవ్యయమును బేరమాడకుడు. మరమ్మతు కొట్టములు నడుపు సోదరులకు మా విన్నపము: బండి యజమాని మెఱుగు కోరినప్పుడు "ఇచ్చట రుద్దరాదు" అని చెప్పు ధైర్యము కలిగియుండుడు. ఆ మాటవలన ఒకనాటి కూలి పోవచ్చును, నమ్మకము నిలుచును. పెద్దలకు మా విన్నపము: ఇత్తడిని, నికెలును, క్రోమియమును పిల్లల చేతికిచ్చి, కన్నుతోను గోటితోను గుర్తించుట నేర్పుడు. మా తాతగారు ఆ దీపమును చూపి చెప్పిన మాట మాకు ఆలస్యముగా అందినది. మీ పిల్లలకు అది దీపము చెడకముందే అందుగాక.